ధ్రువం ఎండాకాలాన్ని సరిదిద్దిన వాణ్ని

ఆ వయసులో మనకు తెలియని సంగతి లోకంలో ఉంటుందన్న అనుమానమే రాదు. ఏదైనా తేడా కనిపిస్తే తప్పు లోకానిదే. నాందేడ్‌లో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదివే రోజుల్లో నేను అదే రకం. మాది మరాఠీ నేల సరిహద్దున, బిలోలి దగ్గరి తెలుగు పల్లె, అమ్మానాన్నలది కూలిపని. నాందేడ్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఆ ఏడు గట్టెక్కితే పై చదువు, లేకుంటే అమ్మ వెంట పత్తి ఏరడానికి పోవడమే (అందులోనూ నేను ఘనుణ్నేం కాదు).

మా మేడమ్ నాకు ప్రాజెక్టుగా ఉత్తర ధ్రువం మీది మంచు మబ్బుల్ని అప్పగించింది. అవి వానమబ్బులు కావు. ఎనభై కిలోమీటర్ల పైన పిసరంత నీటి ఆవిరి, కాలిపోయిన ఉల్కల సన్నటి ధూళిని పట్టుకుని గడ్డకడితే పుడతాయి. ఏ నెలలో ఎంత చలి, ఎంత ఆవిరి, ఎంత ధూళి ఉంటాయో అంకెలిస్తే, మబ్బు ఎప్పుడు పుడుతుందో కంప్యూటర్ లెక్కగట్టాలి. ఎన్నడూ చూడని ఆ మబ్బుల మీద నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. అన్నం ముందు కూర్చున్నా అవే ధ్యాస.

మేడమ్ ఇచ్చిన పట్టిక తెరిస్తే నా కళ్లు తిరిగాయి. ఆ ఎత్తున జూన్‌లో, అంటే ధ్రువానికి ఎండాకాలంలో, ఘోరమైన చలి, డిసెంబరులో అంతకంటే వెచ్చన! ఇక్కడేమో మే నెల, నల్లా తిప్పితే కాగిన నీళ్లు. అత్త కూలర్‌లో నీళ్లు పోస్తుంటే అడిగాను.

"అత్తా, ఎండకాలంల చలి ఎక్కువుంటదా యాడన్న?"

"ఏందిరా గా మాట? ఎండ తల్కెక్కిందా? జర మజ్జిగ తాగు."

"గీ పట్టికల గట్లనే రాసిండ్రే."

"రాసినోడు ఎన్నడన్న మన నాందేడ్ జూసిండా? ఆడు రాసుడు, నువ్వు నమ్ముడు!"

ఇంతకు మించిన రుజువు ఏం కావాలి? ఎవరో పాపం నెలలు తారుమారు చేసుకున్నాడని జాలిపడి, ఎండాకాలం అంకెల్ని చలికాలానికీ, చలికాలం అంకెల్ని ఎండాకాలానికీ మార్చేశాను. మేడమ్‌కు చెప్పలేదు (చేసిన ఉపకారం చెప్పుకోవడం నాకు నచ్చదు).

మౌఖిక పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక పెద్దసారు వచ్చారు. నా గ్రాఫు చూసి, కొడుకును పిలిచినట్టు మరాఠీలో అడిగారు: "అరే బాళా, ఈ మబ్బులు కనబడేది ఎండాకాలంలో. నీవి డిసెంబరులో పుట్టాయేం?"

"పట్టికలో తప్పుంది సర్. నేను సరిచేశాను," అన్నాను ఛాతీ విరిచి.

మేడమ్ నుదురు పట్టుకుంది.

"తప్పని ఎలా తెలిసింది?"

"ఎండాకాలం కదా సర్."

ఆయన కిటికీలోంచి బయటి ఎండను చూశారు. చెమట తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి ఆయన పడ్డ పాట్లు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"సైకిల్ టైరులో గాలి వదిలితే వేలికి ఎలా తగులుతుంది?"

"చల్లగా."

"ఎందుకు?"

"లోపల ఇరుకున ఉన్న గాలి బయటికొచ్చి విచ్చుకుంటుంది కనుక, అప్పుడు..." అంటూ ఆగిపోయాను. ధ్రువం మీద ఎండాకాలంలో గాలి పైకి లేస్తుంది. పైన వత్తిడి తక్కువ. విచ్చుకుంటూ పోతుంది, చల్లబడుతూ పోతుంది. ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. అది ఆకాశానికి కూడా వర్తిస్తుందని తోచలేదు, అంతే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అమ్మ ముఖం కళ్లముందు మెదిలింది.

"అసలు అంకెలు పెట్టి లెక్క మళ్లీ నడిపించు. మేం చాయ్ తాగొస్తాం," అని లేచారాయన.

పాత అంకెల్ని వాటి నెలల్లో పెట్టి నడిపించాను. మే చివర కొంచెం, జూన్‌లో ఇంకొంచెం, జూలైలో నిండుగా గ్రాఫులో మబ్బులు లేచాయి. పాసో ఫెయిలో మరిచిపోయాను. వరండాలోకి ఉరికి, చాయ్ గ్లాసులు పట్టుకున్న ఇద్దరి ముందూ "వచ్చాయి సర్! ఎండాకాలంలోనే వచ్చాయి!" అని కేక పెట్టాను. పాస్ చేశారు. కాకపోతే ఏం మార్చానో, ఎందుకు మార్చానో ఒక పేజీ రాసి ప్రాజెక్టుకు కుట్టమన్నారు. మేడమ్ ప్రతి ఏడూ కొత్త పిల్లలతో ముందు ఆ పేజీయే చదివిస్తుందట.

ఇప్పుడూ నా పని ఆ మబ్బులతోనే. ఏ అంకె మీదైనా అనుమానం వస్తే నలుగురిని అడిగి, పది కాగితాలు తిరగేసి, చివరికి దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాను. తప్పులు దాదాపు చేయను. అలా వరండాలోకి ఉరికి కేక పెట్టి మాత్రం చాలా ఏళ్లయింది.