సీనన్న తడిసిన వాన: మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఎనభైల మొదట్లో ఒక విదేశీ రాక్ బృందం బెంగళూరుకు వచ్చి, వాన కురుస్తున్న మైదానంలో వేలమంది ముందు పాడింది. ఆనాటి సంగతులు చెబితే ఇప్పటికీ కళ్లు మెరిసే అభిమానులు మా చిత్తూరు వైపు కూడా ఉన్నారు. బతికి ఉంటే మా సీనన్న వాళ్లలో ఒకడయ్యేవాడు. మదనపల్లెలో మా ఇంటి మిద్దె మీద కూర్చుని, రేడియోలో విన్న పాటలను పాత గిటారు మీద సాధన చేసేవాడు. స్నేహితుడు గోవిందప్పతో కలిసి ఆ కచేరీకి వెళ్లి, నిలువునా తడిసి తిరిగొచ్చాడు. దగ్గు జ్వరమైంది, జ్వరం ఊపిరితిత్తులకు పట్టింది, నెల తిరక్కుండానే ఆస్పత్రిలో పోయాడు. నేనప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. గోవిందప్ప చావుకూ రాలేదు, దినాలకూ రాలేదు. "వాడే నా కొడుకును ఆడికి తీసకపోయి వానలో నిలబెట్టి సంపినాడు" అని అమ్మ ఏళ్ల తరబడి అంటూనే ఉండేది.

కొన్నేళ్లకు గోవిందప్ప కుప్పం దగ్గర గ్రానైటు క్వారీలో పని చేస్తున్నాడని తెలిసింది. అమ్మ చీర మార్చుకుని వచ్చి, "రా పోదాం. వాణ్ణి మొగం మిందనే అడగాల" అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

పొద్దున్నే మదనపల్లెలో ఎర్రబస్సు ఎక్కాం. పుంగనూరు గంట దారి. గోవిందప్ప అన్నకు అక్కడ బజారులో విత్తనాల అంగడి ఉండేది, చిరునామా ఆయనే ఇవ్వాలి. మమ్మల్ని చూసి ఆయన గబగబా స్టూలు వేశాడు. అమ్మ ఎందుకొచ్చిందో అడగలేదు, అర్థమైపోయినట్టుంది. "పోండమ్మా, వద్దనను. అయితే వానికి సెవులు వినపడవు" అన్నాడు. "బండలు పేల్సేకాడ పని. పోయినేడు నుంచి బొత్తిగా లేదు. మొగానికి ఎదురుగా కూర్సోని మాట్లాడండి, పెదాలు సూసి కనుక్కుంటాడు."

పుంగనూరు నుంచి పలమనేరుకు ఇంకో బస్సు. పలమనేరులో బస్టాండు పక్కన ఒకామె రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టేది. చేతిలో చిల్లరతోనే ఇద్దరి కడుపులు నిండాయి. "యాడికి పోతాండారమ్మా, ఇద్దురే?" అని అడిగిందామె.

"కుప్పానికి."

"సుట్టాలుండారా ఆడ?"

అమ్మ ముద్దను చట్నీలో అద్దుకుంటూ, "మా వాని సావాసగాడు ఉండాడు" అంది. గోవిందప్ప మా అన్నకు స్నేహితుడన్న మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

అక్కడి నుంచి కుప్పం బస్సు వి.కోట మీదుగా వెళ్తుంది. మల్బరీ తోటలు, వాటి వెనక బోడి గుట్టలు, బస్సులో తెలుగు, కన్నడం, అరవం కలగలిసిన మాటలు. మధ్యాహ్నం తిరిగాక కుప్పంలో దిగాం. గోవిందప్ప ఇల్లు రైలు కట్టకు కాస్త దూరంలో, రేకుల ఇల్లు. క్వారీకి సెలవు రోజు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. అమ్మను చూడగానే గుర్తుపట్టి, వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

ఆయన్ను అడగాలని అమ్మ ఏళ్లుగా మనసులో తిప్పుకున్న మాట ఒకటుంది. కానీ వినపడని మనిషికి దాన్ని చెప్పడం ఆమెకు చేత కాలేదు. ఆఖరికి నేనే ఆయన భార్య మునెమ్మతో మెల్లగా చెప్పాను. ఆమె ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి, "నా కొడుకును ఏంటికి తీసకపోయినావని అడగతాండాది" అంది.

గోవిందప్ప తల అడ్డంగా ఊపాడు. "నేను కాదమ్మా. వాడే నన్ను తీసకపోయినాడు. రైల్లోనే పోదామంటే ఈడ కుప్పంలోనే ఎక్కినాము. వాన మొదలైనంక పోదాం రారా అని సెయ్యి పట్టి లాగినా. వాడు ఇనలే. 'ఇంత దూరం వచ్చింది వానకు పారిపోయేదానికా' అని నవ్వినాడు. ఆడ ఒక్కరూ కదల్లేదమ్మా. అందరూ తడస్తా పాడతాండారు. వచ్చేటప్పుడు రైల్లో నా తొడమింద తల పెట్టుకోని దగ్గతా పండుకున్నాడు. అమ్మకు సెప్పద్దన్నాడు."

"మరి మా ఇంటికి ఏంటికి రాలేదప్పా?" అని అమ్మే అడిగింది, చేతులతో సైగ చేస్తూ.

"ఏ మొగం పెట్టుకోని వచ్చేదమ్మా? లాక్కోని వచ్చేసి ఉంటే బతికి ఉండును గదా."

ఆ కచేరీలో ఏం పాడారో పాడమని అమ్మ మునెమ్మ చేత చెప్పించింది. గోవిందప్ప కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి శ్రుతి లేదు, గట్టిగా, అరుపులాగా వస్తోంది. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. మునెమ్మ సిగ్గుపడి మెల్లగా పాడమని సైగ చేయబోతే, అమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది. "పాడనీమ్మా."

నాలుగు చరణాలు అయ్యేసరికి అమ్మ ఏడుస్తోంది. "ఇదే... ఇదే గదా వాడు ఆస్పత్రిలో గొణుక్కున్నింది" అంది నా వైపు తిరిగి. "ఇంగిలీసులో ఏందో అడగతాండాడనుకున్నా. నీళ్లు ఇచ్చినా, దుప్పటి కప్పినా. అడిగింది ఇయ్యలేకపోతినే అని ఇన్నేండ్లూ కుమిలినాను. వాడు అడగలేదు పాపా, పాడుకుంటా ఉండినాడు."

ఆ తర్వాత అమ్మ ఎవరినీ తిట్టలేదు. దాంతో దుఃఖం తగ్గిందనుకోకండి. అంతకుముందు కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు, ఆ పైన అదీ లేకపోయింది. కొడుకు లేకపోవడం ఒక్కటే మిగిలింది. ఆ కచేరీ గురించి ఇప్పుడెవరైనా చెబుతుంటే వింటాను. గిటారు ఎలా మోగింది, దీపాలు ఎలా వెలిగాయి, ఎంత వాన కురిసింది, అన్నీ చెబుతారు. పక్కన నిలబడి తడిసినవాళ్లలో ఎవరు ఇల్లు చేరి ఏమయ్యారో వాళ్లకు తెలియదు. తెలియాలనీ లేదు. ఆ వానలో మా అన్న సంతోషంగా ఉన్నాడని చెప్పగలిగినవాడు, ఈ లోకంలో గోవిందప్ప ఒక్కడే.

ఇలాంటి పనిమీద ఆ దారిన వెళ్లేవారికి ఒక మాట. కుప్పం నుంచి పలమనేరు వైపు తిరుగు బస్సుల వేళలు దిగగానే కనుక్కోండి. అయితే, ఆఖరి బస్సు తప్పినా ఫర్వాలేదనుకునే రోజునే బయల్దేరండి. మాకు తప్పింది. ఆ రాత్రి అమ్మ మునెమ్మ చేతి అన్నం తిని, వాళ్లింట్లోనే పడుకుంది.