లేబుల్ విప్పిన సీసాలు

మావయ్యగారు కాలం చేశారన్న ఫోన్ నాకు ప్లాంటులోనే వచ్చింది. వాడపల్లి పెళ్ళికి మంచినీళ్ళ సీసాలు నింపుతున్నాం. మిషన్ ఆపేద్దామన్నారు మా వాళ్ళు. నేను ఆపనివ్వలేదు. పెళ్ళివారికి నీళ్ళు ఆలస్యమైతే ఆయన లేచి వచ్చి మరీ తిట్టే రకం. లోడు పంపించాకే కూర్చుని ఏడ్చాను.

పి.గన్నవరం దగ్గర మినరల్ వాటర్ ప్లాంటు పెట్టినప్పుడు అమ్మకాల పని ఆయన నాకు అప్పగించారు. మేనకోడలినని కాదు, నా నోటి మీద నమ్మకంతో. నేనూ తక్కువ తినలేదు, మొదటి లేబుల్ మీద ఏకంగా మంచుకొండ వేయించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మాయ్, ఈ కొండ ఏ మండలంలో ఉందమ్మా?" అన్నారు.

"పెద్ద కంపెనీలన్నీ అలాగే వేస్తున్నాయండీ."

"వాళ్ళకి కొండ ఉందేమో. మనకి బోరుంది."

కొండ పోయింది. తెల్లటి లేబుల్ మీద మా పేరు, పెద్ద అక్షరాల్లో ఊరి పేరు మిగిలాయి. ఇదేం మార్కెటింగని వారం రోజులు ముఖం మాడ్చుకున్నాను. అంబాజీపేటలో కొబ్బరికాయలెత్తే లారీలవాళ్ళు లేబుల్ మీది ఊరి పేరు చెప్పి మరీ అడగడం మొదలెట్టాక ఇక కొండ మాటెత్తలేదు.

మావయ్యగారు ఏ ఊరెళ్ళినా కిళ్ళీకొట్లో పోటీవాళ్ళ సీసా కొని, తాగి, "ఇదీ బాగుందండీ, మాదీ ఓసారి చూడండి" అనేవారు. పక్కవాళ్ళ నీళ్ళను తిట్టి మన నీళ్ళు అమ్మొద్దని నాకు ఖండితంగా చెప్పారు.

పెళ్ళిళ్ళకి వధూవరుల ఫోటోతో లేబుల్ వేయడం మాత్రం నా ఆలోచనే. బాగా పేరొచ్చింది. నా తలపొగరూ అంతే పెరిగింది. ఆ ఊపులో ఒకరోజు పెళ్ళి లోడు, కొత్తపేటలో ఒకాయన పెద్దకార్యం లోడు దగ్గరుండి నేనే ఎక్కించి, పెట్టెలు మార్చేశాను. భర్త పోయిన ఆవిడ ఇంట్లో, ప్రతి విస్తరి పక్కనా నవదంపతులు నవ్వుతూ నిలబడ్డారు.

కబురు తెలిసి మావయ్యగారు, నేను పరుగెత్తాం. ఆయన భోజనాల బంతిలో వంగి, ఒక్కొక్క లేబులూ గోటితో లేపి విప్పేరు. నన్ను వీధి గుమ్మం దాటి రానివ్వలేదు. తరవాత ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తప్పు నాదేనండమ్మా" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు కొత్త పద్ధతి పెట్టారు. పెద్దకార్యాలకి సీసాలతో పాటు మన మనిషి వెళ్ళాలి, వడ్డనకి ముందు లేబుళ్ళన్నీ విప్పేయాలి. మన పేరు కూడా కనబడకూడదు.

"మన పేరు లేకపోతే ప్రచారం ఎలాగండీ?"

"ఆ పూట ఆ ఇంట్లో ఒక్కరి పేరే తలుచుకోవాలమ్మా."

ఇప్పుడు ఆయన పెద్దకార్యమే వచ్చింది. అమలాపురం డీలర్లు ఆయన ఫోటోతో లేబుల్ వేయిద్దామన్నారు. కోనసీమ అంతా వస్తుంది, కంపెనీకి మంచిదన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ ఆశ పుట్టింది. కంప్యూటర్లో తయారు చేశాను కూడా. నవ్వుతున్న ఆయన ముఖం కింద మా పేరు పెట్టి చూసేసరికి ఆయన మాట గుర్తొచ్చింది. చెరిపేశాను.

పెద్దకార్యం నాటి ఉదయం పెరట్లో పీట వేసుకుని నేనే లేబుళ్ళు విప్పుతున్నాను. ఎవరో వచ్చి ఎదురుగా చతికిలబడ్డారు. కొత్తపేట ఆవిడ. ఏమీ అడక్కుండా ఒక సీసా తీసుకుని గోటితో అంచు లేపారు.

ఇన్నేళ్ళూ దాచింది గొంతులోంచి బయటికొచ్చేసింది. "ఆ రోజు మీ ఇంటికి పెళ్ళి సీసాలు పంపింది మావయ్యగారు కాదండీ, నేను."

ఆవిడ చెయ్యి ఆగలేదు.

"ఆయ్. ఆ పెట్టె కూడా ఇలా జరుపమ్మా, భోజనాల వేళవుతోంది" అన్నారు.