ఫెయిల్ మాటకు మూలం

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ లేదని నా గట్టి నమ్మకం. ఇంగ్లీషు సాహిత్యంలో డిగ్రీ చేసి, తగిన ఉద్యోగం దొరక్క, మానవపాడు దగ్గర మేనమామ ఇంట్లో ఉంటూ కంపెనీ కోసం రైతులతో పత్తి విత్తనాలు పండించే ఆర్గనైజర్ దగ్గర పనికి కుదిరిన రోజులవి. రైతుల విత్తనాల నుంచి శాంపిళ్లు తీసి పరీక్షకు కంపెనీకి పంపడం, ఫలితం వస్తే చదివి వినిపించడం నా కొలువు. చంకలో మాత్రం ఎప్పుడూ లావుపాటి నిఘంటువు. (అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మాటల మూలాలు చెప్పేవాణ్ణి. అడిగినవాళ్లు తక్కువే.)

ఆ ఏడు కంపెనీ పరీక్షలో మామ పండించిన విత్తనం ఫెయిలైంది. మా వైపు ఈ మాట తెలియని మనిషి లేడు. బోరు ఫెయిల్, వాన ఫెయిల్, పెళ్లిచూపులు కూడా ఫెయిలే. కానీ ముప్పై ఏళ్లలో మామ విత్తనానికి ఎన్నడూ తగలని మాట అది. "ఆయన చేను చూడనక్కర్లేదు" అని ఆర్గనైజర్లే అనేవారు. ఆ పేరే మామ ఆస్తి. ఆ మధ్యాహ్నం అన్నం కలపకుండా చాలాసేపు కూర్చుని, "అల్లుడా, ఇంగ్లీషు సదివినవు గద, అసలు ఫెయిల్ అంటే ఏంది?" అన్నాడు.

పాపం, ఓదార్పు కోసం అడిగాడు. నేను పాఠం అందుకున్నాను. "అది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుల వడ్డది మామా. ఫ్రెంచికి లాటిన్ నుంచి. ఆడ దాని అర్థం మోసం చేసుడు."

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంటే నేను మోసం చేసిన్నా?"

"అయ్యో, మాటకు మూలం చెప్పిన మామా, నిన్ను అనలే."

"మూలమే గట్లుంటే ఇంకేమున్నది?" అని మామ కంచం జరిపి లేచిపోయాడు. "నీ సదువు సల్లగుండ! రెండు ముద్దలు తిననియ్యకపోతివి" అంది అత్త.

మర్నాడు మామ మిగిలిన విత్తనాలను ఇంటి వెనక నాలుగు సాళ్లు నాటాడు. మొక్క పూతకొస్తే, అది వేరే రకం పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసిన విత్తనమో, సొంత పుప్పొడితో దానంతటదే కట్టినదో రైతులకు చూడగానే తెలుస్తుంది. "మీరే వచ్చి చూడుండ్రి" అని ఊళ్లో అందరికీ చెప్పాడు. నన్ను అల్లుడా అనడం మానేశాడు. రోజూ పొద్దున, "రా సారూ, మోసం మొలిచిందేమో జర చూడు" అని పిలిచేవాడు. వెళ్లి చూసేవాణ్ణి, చేతులు కట్టుకుని మరీ.

పూత వచ్చింది, జనం వచ్చారు. సాళ్ల వెంట వంగి నడుస్తున్న మామ ఒక మొక్క దగ్గర ఆగాడు. ఇంకోదాని దగ్గర ఆగాడు. చాలా చోట్ల ఆగాడు. అవన్నీ క్రాసింగ్ జరగనివే. "కంపెనోల్లు నిజమే చెప్పిండ్రు. నా పనే ఫెయిలైంది" అన్నాడు అందరి ముందు. నేను తల ఎత్తలేదు. ఎందుకంటే సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది.

క్రాసింగ్ అంటే, మర్నాడు పూసే మొగ్గల్ని సాయంత్రమే ఒలిచి, లోపలి పుప్పొడి గోటితో తీసేసి, గుర్తుగా ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున వాటికే మగ పువ్వు పుప్పొడి అద్దుతారు. ఆ పంట క్రాసింగ్ రోజుల్లో, అత్త జ్వరంతో గద్వాల దవాఖానలో ఉన్న వారం మామ ఐదు సాళ్లు నాకు అప్పగించాడు. గోళ్లు నొప్పి పుట్టాయి. సంచిలో నిఘంటువు పిలుస్తోంది. చాలా మొగ్గలకు ఒలవకుండానే కాగితాలు తొడిగేశాను.

అందరూ వెళ్లాక చెప్పేశాను. ఏడ్చాను కూడా. మామ నా వైపు తిరిగాడు.

"మందిల ఎందుకు చెప్పలే?"

"భయమైంది మామా."

"మంచిగైంది తియ్. నా పేరు ముప్పై ఏండ్లది, ఒక్క ఫెయిల్‌కు సావదు. నీది ఇంకా మొలువనే లేదు. ఈ మాట మనతోనే ఉండనీ. పా అల్లుడా, బువ్వ తిందాం."

ఇప్పుడు ఉప్పునుంతలలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. మొన్న ఆ మాట మూలం చెబితే ఒకమ్మాయి లేచి, "మోసం ఎవరు ఎవరిని చేసిండ్రు సార్?" అంది. "నిఘంటువులో అంతవరకు లేదమ్మా" అని నవ్వి తప్పించుకున్నాను. మామ పోయి నాలుగేళ్లయింది. ఆ ఊళ్లో ఎవరినడిగినా, ఆ ఏడు ఫెయిలైంది ఆయనేనని చెబుతారు.