విఠలయ్య కాక ఇచ్చిన రెండు జవాబులు

ఓరుగల్లులోని మా కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగు వేసేది విఠలయ్య కాక. వాళ్ల తాత మరాఠీ దేశం నుంచి వచ్చాడట. ఇంట్లో వాళ్ల మాట మరాఠీ, గడప దాటితే తెలుగు. తెలుగులో బేరం చేసి, వచ్చినవాళ్లు వెళ్లగానే భార్య తుల్జమ్మ చిన్నమ్మతో మరాఠీలో వాళ్ల మీద జోకులు వేసేవాడు.

అరవై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో హైదరాబాదు నుంచి భారతి అనే ఆమె వచ్చింది. మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఎవరు తమ జాతిని, భాషను ఎంత తమదనుకుంటారో కొలవడం ఆమె పని. అసలు అనుకోకపోతే ఒకటి, పూర్తిగా అనుకుంటే ఐదు. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను ఇళ్లు చూపించడానికి వెంట తీసుకుపోయింది.

కాక రంగునీళ్లు కలిపే గాబు దగ్గర ఉన్నాడు.

"మీరు మరాఠీ మనిషినని ఎంత అనుకుంటారు?" అని భారతి అడిగింది.

"ఒకటెయ్యి బిడ్డా. నేను పక్కా ఓరుగల్లోన్ని."

జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడాలని వారం తర్వాత మళ్లీ వెళ్లాం. కాక అన్నం తింటున్నాడు. భారతి ప్రశ్న చదవగానే, వడ్డిస్తున్న చిన్నమ్మ దాన్ని మరాఠీలో తిప్పి అడిగింది.

"ఐదు! అది సుత అడగాల్నా?" అన్నాడు కాక.

భారతి కలం ఆగింది. "జవాబు ఇలా మారితే మీ కాగితం లెక్కలోంచి తీసెయ్యాలండీ."

కాక చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అరవై ఏండ్లల్ల నువ్వెవరని నన్ను ఎవ్వలు అడగలే. నువ్వు అడిగినవ్, చెప్పిన. ఇప్పుడు తీసేస్తవా?"

"పోనీ, మధ్యలో మూడు వేసుకోనా?"

"వద్దు! ఎరుపు, నీలం ఒక్క గాబుల పోస్తే రెండు పోతయి. జంపఖానల ఎర్రపట్టె ఎర్రగనే, నీలిపట్టె నీలిగనే ఉండాలె. నేను సగం సగం మనిషిని కాదు బిడ్డా, రెండు దిక్కుల నిండుగున్న."

నాకు తోచింది చెప్పాలా వద్దా అని కాసేపు కొంగు నలిపాను. చివరికి మెల్లగా అన్నాను: "అక్కా, ఆనాడు తెలుగుల అడిగినం. ఇయ్యాల చిన్నమ్మ మరాఠీల అడిగింది."

భారతి నా వైపు చూసి, అదే ప్రశ్న మళ్లీ తెలుగులో అడిగింది.

"ఒకటి," అనేశాడు కాక. అనేసి, ఎడమచేత్తో నోరు మూసుకుని తనే పకపకా నవ్వాడు.

భారతి కాగితం తీసెయ్యలేదు. ఇంకో కాగితం తీసి, ఏ భాషలో అడిగిందో పైన రాసి, రెండూ కలిపి గుండుసూది పెట్టింది. ఆ సాయంత్రమే మిగతా మరాఠీ ఇళ్లన్నీ మళ్లీ తిరిగాం.

చిన్నమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. "ఒక్క మనిషికి వండెటాల్లకే నడుం ఇరుగుతాంది. ఇప్పుడు కాయితంల ఇద్దరైండు!"

"ఫికర్ జెయ్యకు," అన్నాడు కాక, కంచం ముందుకు జరుపుతూ. "తెలుగోడు తిన్నడు. మరాఠోనికి ఒక రొట్టె పెట్టు."