మా మేడం రుచి చూసిన పొడి

పోయిన గురువారం పొద్దున నేను కుప్పంలో కాలేజీకి బయలుదేరుతుంటే పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మా మేడం తమ్ముడు. "అక్క పోయిందమ్మా. కాఫీ ఇచ్చేదానికి పోతే లేయలేదు" అన్నాడు. అప్పటికప్పుడు పుంగనూరు బస్సెక్కాను. బస్సులో పక్కసీటు ఆవిడ నా కళ్లు చూసి "ఎవురు పోయినారమ్మా?" అని అడిగింది. మదనపల్లె దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో నాకు పాఠం చెప్పిన మేడం అన్నాను. అంతకంటే దగ్గరి మాట ఏది చెప్పాలో తోచలేదు.

మందు ఒంట్లోకి పోయాక ఏం చేస్తుందో, ఒళ్లు ఆ మందును ఏం చేస్తుందో ఆమె చెప్పేవారు. బోనులోంచి తెల్ల ఎలుకను తీసే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. "సల్లటి చెయ్యి తగిలితే నీకు మాత్రం బాగుంటాదా?" అని మమ్మల్ని అడిగేవారు. ప్రయోగం చెడిపోయిన రోజు ఏమీ అనేవారు కాదు. బాగా వచ్చిన రోజే ఆమెతో కష్టం. "మనం కోరుకున్నట్టే వచ్చిందంటే ఇంకోసారి సూడాల" అని మొత్తం మళ్లీ చేయించేవారు.

నేను ఎం.ఫార్మసీ చదివేటప్పుడు ఆమే నా గైడు. పుంగనూరులో ఒక పెద్దాయన షుగరుకు పొడి ఇచ్చేవారు. పొడపత్రి ఆకు, ఇంకా కొన్ని మూలికలు కలిపి తాతల నాటి పద్ధతిలో నూరేదని చెప్పేవారు. పెద్దపంజాణి నుంచి, బైరెడ్డిపల్లె నుంచి జనం ఆటోల్లో వచ్చి తీసుకుపోయేవాళ్లు. మేడం సొంతూరు పుంగనూరే. ఆమె తల్లి కూడా చాలాకాలం ఆ ఇంటి పొడి తిన్నదట. అది నిజంగా ఎంతవరకు పనిచేస్తుందో చూడాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. నా ప్రాజెక్టు అదే అయింది. పెద్దాయన సంతోషంగా ఒక డబ్బా నింపి ఇచ్చారు.

షుగరు తెప్పించిన ఎలుకల్లో కొన్నింటికి ఆ పొడి, పోల్చి చూడటానికి కొన్నింటికి మామూలు షుగరు మాత్ర ఇచ్చాం. రెండింటి ఫలితమూ దాదాపు ఒకటే. మేడం నమ్మలేదు. మళ్లీ చేశాం. మళ్లీ అదే వచ్చింది. అప్పుడు గానీ ఆమె నవ్వలేదు. బెంగళూరులో ఒక సదస్సుకు పేపరు పంపితే తీసుకున్నారు. కాలేజీలో అందరూ మమ్మల్ని పలకరించి పోయేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా హాస్టలు వంటక్క అన్నం వారుస్తూ ఒళ్లంతా చెమటలు పట్టి పడిపోయింది. ఆమెకు షుగరు ఉన్న సంగతి అందరికీ తెలుసు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించారు. కళ్లు తెరిచి కూతుర్ని గుర్తుపట్టింది. అమ్మయ్య అనుకున్నాం. కాసేపటికే మళ్లీ చెమటలు, మళ్లీ మాట తడబడటం మొదలైంది. మళ్లీ ఎక్కించారు. చక్కెర మళ్లీ పడిపోయింది.

"మాత్రలు ఎక్కువేమైనా మింగిందా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్. రోజూ యేసుకునేవే" అంది కూతురు. తర్వాత మేడం వైపు చూసి, "ఈ మధ్య పుంగనూరు పొడి గూడా తింటాండాది. మీ ల్యాబులో బాగా పనిచేస్తాండాదని పిల్లోళ్లు సెప్పుకుంటాంటే మాయమ్మ వినింది" అంది.

మేడం గోడకు ఆనుకున్నారు. ఆ పొడి ఎక్కడుందని అడిగారు. పొట్లం వంటక్క చేతిసంచిలోనే ఉంది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, నోరంతా పట్టించారు. "పోయి టీ అంగట్లో కొంచిం చక్కెర తే పాపా" అన్నారు నాతో.

పొడపత్రి నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. చక్కెర వేసుకున్నా ఇసుక నమిలినట్టే ఉంటుంది. అది మాకు క్లాసులో చెప్పింది ఆమే. నేను కాగితంలో తెచ్చిన చక్కెరను నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. నేను ఆమె ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను.

"తియ్యగా ఉండాదే" అన్నారు.

తీపి అన్న మాట విని నేను భయపడింది ఆ ఒక్కసారే.

ఆమె నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లారు. "ఈ పొడిలో ఆకు లేదు సార్. షుగరు మాత్ర నూరి కలిపినారని నా అనుమానం. ఈమె తన మాత్రలూ మింగి, ఇదీ తినింది. గ్లూకోజు ఆపొద్దండి."

"అనుమానమా, ఖాయమా మేడం?"

"ఖాయం చేసుకునే దాకా నేను ఆగతాను. ఈమె ఆగలేదు."

ఆ ఆకు గురించి మేం రాసిందంతా ఆ మాటతో పోయింది. అది ఆమెకు తెలిసే అన్నారు. డాక్టరు వంటక్కను అక్కడే ఉంచుకుని గంటగంటకూ రక్తం చూస్తూ గ్లూకోజు ఎక్కించాడు. మరుసటి రోజు సాయంత్రానికి ఆమె లేచి కూర్చుని కూతురి చేత ఇడ్లీ తెప్పించుకుంది.

ఆలోపే మేం ల్యాబులో పరీక్ష పెట్టాం. పూత పూసిన గాజుపలక అడుగున పొడి సారం ఒక చుక్క, పక్కన మాత్ర సారం ఒక చుక్క పెట్టి ద్రావకంలో నిలబెట్టాం. ద్రావకం పైకి పాకేకొద్దీ ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తులో ఆగుతుంది. అతినీలలోహిత దీపం కింద చూస్తే రెండు మచ్చలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. మా ఎలుకలకు తినిపించిన పొడితో చేసినా అంతే.

"ఇది మొదట చెయ్యాల్సిన పని. నేను కడాకు చేసినాను" అన్నారు మేడం.

ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. సదస్సు అయ్యేదాకా ఈ మాట బయటికి రాకూడదని ఆయన అభిప్రాయం. "అంతలోపల ఎంతమంది తింటారో మీరు చెప్పగలరా సార్?" అని అడిగి, అక్కడే నిలబడి పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ఈమెయిల్ పంపేశారు. బయటికి వచ్చాక నాతో, "నీకు ఏడాది పోతాది పాపా. ఇంట్లో ఏం సెప్తావు?" అన్నారు. "మీరేం చెప్తారు మేడం?" అన్నాను. "నేనూ అదే ఆలోచిస్తాండాను" అన్నారు.

మర్నాడు పుంగనూరు వెళ్లాం. ఆమె తమ్ముడు కూడా వచ్చాడు. పెద్దాయన ఇంటి వసారాలో జనం కూర్చుని ఉన్నారు. మేడం సంగతి చెప్పగానే పెద్దాయన ముఖం ఎర్రబడింది. "మీ యమ్మకు ఈ చేతుల్తోనే ఇచ్చినాను గదమ్మా."

"అందుకే ముందు నీ దగ్గరికే వచ్చినాను నాయనా."

పొడి కోసం వచ్చిన ఒకాయన లేచి వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "సదువుకున్నోళ్లకి మన మందంటే అలుసైపోయింది" అన్నాడు. ఇంకొందరు లేచారు. తమ్ముడు ఆమె మోచెయ్యి పట్టుకుని "పోదాం రా అక్కా" అన్నాడు. ఆమె కదలలేదు. లోపల పొట్లాలు కడుతున్న పెద్దాయన కొడుకు వైపే చూస్తున్నారు. అతని చేతులు ఆగిపోయి ఉన్నాయి. పెద్దాయన కూడా అటు తిరిగారు.

"యాలరా, మాట్లాడవు?"

"ఆకు యాడ దొరుకుతాండాది నాయనా? వచ్చినోళ్లకు తగ్గకపోతే మళ్లా వస్తారా?"

పెద్దాయన మెల్లగా అరుగు మీద కూలబడ్డారు. వాకిలికి అడ్డం నిలబడిన మనిషి పక్కకు తప్పుకున్నాడు. పెద్దాయన కొడుకును మేడం ఒక్క మాట అనలేదు. వసారాలో ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, "ఇది ఆపేసి ఊరికే ఉండొద్దండి. ఈ పొద్దే ఆసుపత్రికి పొయ్యి సూపించుకోండి. ఈ పొడి తిన్నామని దాచుకోకుండా సెప్పండి" అని అందరికీ చెప్పారు. తర్వాత పరీక్ష ఫలితం మందుల తనిఖీ అధికారికి ఇచ్చి వచ్చారు. ఆ వీధిలో చుట్టాలు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు.

మేం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. కుప్పం వైపు గుట్టల్లో పొడపత్రి తీగను చూసి, మా చేతులతో ఆకు కోసి ఎండబెట్టాం. అసలు ఆకుతో షుగరు తగ్గింది కానీ కొద్దిగానే. నేను ఆ కొద్దిని గొప్ప చేసి రాయబోతే ఆమె చదివి, "వచ్చింది ఇంతే. ఇంతే రాయి" అన్నారు. అలాగే రాశాను. ఇప్పుడు నా క్లాసు పిల్లలకు నేను చెప్పేదీ అదే.

రెండేళ్ల కిందట ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కుప్పంలో చూపించుకునేవారు. అక్కడ ఒక కొత్త మందును రోగుల మీద పరీక్షిస్తున్నారని తెలిసి తనంతట తానే చేరారు. మామూలు వైద్యంతో పాటు ఇంకో మాత్ర ఇస్తారు. అది మందో, ఏమీ లేని ఉత్త మాత్రో వేసుకునేవాళ్లకు తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. "మీకు ఉత్తదే వస్తే ఏం లాభం మేడం?" అని కోపంగా అడిగాను. "ఎవురికో ఒకరికి ఉత్తది రావాల గదా పాపా. లేకుంటే అసలుది పనిచేసేది ఎట్ల తెలుస్తాది?" అన్నారు.

కిందటి నెల వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగారు. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ దొర్లించి చూశారు. తెల్లగా, గుండ్రంగా, ఏ అక్షరమూ లేకుండా ఉంది. నేను నీళ్లు అందించాను. మింగేశారు. మింగాక కూడా ఆ చెయ్యి అలాగే ఒళ్లో తెరిచి ఉంది. దాని మీద ఎండ పడుతోంది.