ఈశాన్యంలో ఊరిన గంగ

పిల్లలూ, పోయిన వేసవిలో మీరు నేరేడ్‌మెట్ వచ్చిన నాలుగో రోజుకే ఇద్దరూ కడుపులు పట్టుకుని పడుకున్నారు, గుర్తుందా? ముందురోజు సాయంత్రం మీ అమ్మ మిమ్మల్ని ఏ.ఎస్. రావు నగర్ తీసుకెళ్ళి పానీపూరీ తినిపించింది. ఇంకేం, నేరస్థురాలు దొరికిపోయింది. "మన ఇంటి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళెవరికీ ఇలా అవలేదమ్మా" అన్నాను. మెల్లగానే అన్నాను. నేను ఏదన్నా మెల్లగానే అంటాను; అందుకే నా మాటలు బాగా లోతుకి దిగుతాయని మీ తాతయ్య అంటారు. మీ అమ్మ తిరుగు టికెట్లు ముందుకు జరిపించుకుంది. తర్వాత దసరాకి రమ్మన్నా రాలేదు. "పనుంది అత్తయ్యా" అంది.

ఆ నీళ్ళ సంగతే ఇప్పుడు చెబుతాను.

ఈ ఇల్లు కొన్నప్పుడు మీ తాతయ్య దిక్సూచి చేత్తో పట్టుకుని గదిగదీ తిరిగారు. బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయువ్యంలో. అంతా శాస్త్రప్రకారమే. ట్యాంకు ఎక్కడుందని అడిగాం కానీ, అందులోంచి బయటికొచ్చే నీళ్ళు ఎక్కడ ఇంకుతాయని అడగడం మాకు తోచలేదు. చెప్పడం అమ్మినాయనకీ తోచలేదు.

మీరు రావడానికి నెల ముందే బోరు పక్కన నేల చెమ్మగిల్లింది. పెరడంతా ఎండకి బీటలు తీస్తుంటే అక్కడ మాత్రం గడ్డి పచ్చగా, ఒత్తుగా. అడుగేస్తే చెప్పు దిగబడేది.

"ఈశాన్యంలో నీరూరిందే! ఐశ్వర్యం నడిచొస్తంది" అని తాతయ్య మురిసిపోయారు.

నేనూరుకుంటానా? చుట్టూ ముగ్గేసి, పసుపు కుంకుమ జల్లి, శుక్రవారం శుక్రవారం దీపం పెట్టాను. పక్కనే గోంగూర వేస్తే ఆకు అరచేయంత వచ్చింది. వీధిలో పంచి, చేతి చలవ అనిపించుకున్నాను.

ఆ గంగమ్మ తల్లి చెప్పాల్సిందంతా చెప్పింది పాపం. స్నానం చేస్తుంటే నీళ్ళు పోకుండా పాదాల చుట్టూ నిలబడేవి. జుట్టు అడ్డం పడిందనుకున్నాను. ఫ్లష్ నొక్కితే గొట్టంలో గుడగుడలు. గాలి పట్టిందన్నారు తాతయ్య. వాన పడిన మర్నాడు వాసన. పక్కింటివాళ్ళ మీదికి తోశాం. బండిని పిలిచి ట్యాంకు తోడిస్తే నెల తిరక్కుండా మళ్ళీ నిండింది. వచ్చేపోయే జనం ఎక్కువయ్యారు అనుకున్నాం. ఎవరొచ్చారు కనక? మీరైనా రాలేదు.

ఈ ఏడు చలి తగ్గే రోజుల్లో, బాత్‌రూంలోకే మురుగు ఎదురెక్కాక, మా ప్రహరీ కట్టిన సాయిబు మేస్త్రీని పిలిచాం. ఆయన ట్యాంకు మూత ఎత్తి చూసి, దాంట్లోంచి బయటికి వెళ్ళే గొట్టం వెంట తవ్వుకుంటూ ఇంటి వెనకనుంచి తిన్నగా నా దీపం దగ్గరికొచ్చి ఆగాడు.

"ఏందమ్మా గిది? ఇంకుడు గుంత మీద దీపం పెట్టినవా?"

"గుంతేమిటి బాబూ, అది గంగ."

"గంగనే. మీ బాత్‌రూంలకెళ్ళి వచ్చిన గంగ."

తాతయ్యకి మింగుడు పడలేదు. "ట్యాంకు వాయువ్యంలో ఉంది కదేటి మేస్త్రీ!"

"ట్యాంకు ఆడ్నే ఉంది సారూ. గని దాని నీళ్ళు యాడనో ఒకతాన ఇంకాలె కద? గుంత సుట్టూ మన్ను జిడ్డు పట్టి మూసుకపోయింది. ఇంక తాగ అంటున్నది, పైకి కక్కుతున్నది. ట్యాంకు ఎన్నిసార్లు తోడిస్తే ఏం ఫాయిదా?" అంటూ బోరు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, గీ నీళ్ళు తాగుతున్నరా?"

తాగుతున్నాం. రెండేళ్ళ కిందట మీ అమ్మ "ఫిల్టర్ పెట్టిద్దాం అత్తయ్యా" అంటే, నీళ్ళ రుచి పోతుందని వద్దన్నది నేనే. పరీక్షకి పంపితే, ఈ నీళ్ళు తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. మా కడుపులు అలవాటు పడిపోయాయి కాబోలు. మీవి పడలేదు.

కొత్త గుంత బోరుకి దూరంగా, ఇంటి ఆ చివర తవ్వాలన్నాడు మేస్త్రీ. అది నైరుతి. నైరుతిలో గొయ్యి అరిష్టమని తాతయ్య గింజుకున్నారు.

"నీళ్ళకి పల్లం తెలుసు గని వాస్తు తెల్వదు సారూ" అని ఆయన గునపం దింపాడు.

గోంగూర మొత్తం పీకించేశాను. ఆకేదమ్మా అని అడిగినవాళ్ళకి పురుగు పట్టిందని చెప్పాను.

మీ అమ్మకి ఫోన్ చేయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

"తప్పు పానీపూరీది కాదమ్మా" అన్నాను.

"మరి?"

"మా నీళ్ళది." అక్కడితో ఆపేద్దామనుకున్నాను కానీ, "నాది" అన్నాను.

"ఫిల్టర్ పెట్టించారా అత్తయ్యా?" అంది.

"కొత్తగా తీసుకున్న మంచినీళ్ళ కుళాయికి పెట్టించాను. బోరు నీళ్ళు నోట్లో పోయడం మానేశాం."

"అయితే పిల్లల సెలవులు చూసి చెబుతాను. కానీ ఈసారి పానీపూరీకి మీరూ రావాలి."

వస్తానన్నాను. ఆ పానీపూరీ బండాయన నీళ్ళు ఎక్కడివో అడగను. మా బోరు నీళ్ళు ఇన్నాళ్ళు తాగినదాన్ని, నాకేం భయం?