దర్జీ అక్క, మూడు చెరువుల లెక్క

దర్జీ అక్క తన కుట్టుమిషన్‌ను వీధి తలుపుకు అడ్డంగా వేసుకుంది. కుడుతున్నంతసేపూ లోపలి గదిలో మంచం మీద తండ్రి కనిపించాలి. ఆయన బయటికి బయలుదేరితే ముందు ఆమెను దాటాలి. ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఆమె ఒక్క రాత్రయినా ఇల్లు విడిచి ఉండలేదు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం మాత్రం పక్కింటావిడను బతిమాలి కాపలా పెట్టి, ఊరి మూడు చెరువుల మీద వాలే గల్ అనే తెల్లటి నీటిపక్షులనూ, ఒడ్డు బురదలో ఏరుకుతినే ఉల్లంకి పిట్టలనూ లెక్కపెట్టి వస్తుంది.

ఈసారి ఆ ఆదివారం మీద మరో భారం పడింది. సముద్రం పక్కన ఉప్పునీటి మడుగుల్లో నాలుగు రోజులు జరిగే పక్షుల గణనకు, ఈ లెక్కలు తీసే బృందాన్ని నడిపే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆమె పేరు రాసుకున్నారు. వస్తానో రానో ఆ సాయంత్రానికల్లా చెప్పాలి. ఆ ఊళ్లోనే వేరుగా కాపురముంటున్న తమ్ముడు ఒక షరతు పెట్టాడు.

"ఇవ్వాళ నాన్నను నా దగ్గర వదులు. సాయంత్రం దాకా నెగ్గుకొస్తే ఆ నాలుగు రోజులూ నాదే పూచీ. లేదంటే మళ్లీ అడక్కు."

మొదటి చెరువు దగ్గర ముక్కాలి స్టాండు మీద దుర్భిణి బిగిస్తుండగానే ఫోన్ మోగింది.

"అక్కా, చొక్కా వేసుకోనంటున్నాడు."

"గుండీలది వద్దు. తల మీంచి తొడిగేది సంచిలో పెట్టాను చూడు."

రెండో చెరువు దగ్గర మళ్లీ మోగింది.

"ఎవడ్రా నువ్వు అంటున్నాడక్కా!"

"పోస్టుమాన్‌నని చెప్పు. కూర్చోబెట్టి మర్యాద చేస్తాడు."

"సొంత తండ్రికి పోస్టుమాన్‌నా?"

"నన్ను పనమ్మాయి అనుకుంటాడు. నీది ప్రభుత్వోద్యోగం, సంతోషించు."

మూడో చెరువు నీటిశుద్ధి కేంద్రం వెనక ఉంది. మధ్యాహ్నం ఆమె అక్కడ లెక్క మొదలుపెట్టిన కాసేపటికి తమ్ముడి కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో తండ్రి ఉన్నాడు.

"గేటెక్కి దూకబోయాడక్కా. పిల్లలు ఒకటే ఏడుపు. నావల్ల కాదు," అన్నాడు తమ్ముడు. ఆమె ముఖం చూడకుండానే తండ్రిని దింపి వెళ్లిపోయాడు.

ఆమె పద్ధతి ఒకటే. కుడిచేత్తో దుర్భిణిని ఎడమ ఒడ్డు నుంచి మెల్లగా తిప్పుతూ, పిట్టకొక్కసారి చొప్పున ఎడమచేతిలోని లెక్కమీట నొక్కుతుంది. తండ్రి వచ్చి ఆ ఎడమచేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. విడిపించుకోబోతే కేకలు పెట్టాడు. మీటను కుడిచేతిలోకి మార్చుకుంటే దుర్భిణి తిప్పడానికి చెయ్యి మిగలలేదు. ఆ గుండ్రటి అద్దంలో పట్టినంత ఒడ్డే ఆమెకు మిగిలింది.

"ఏంటమ్మాయ్ చూస్తున్నావ్?"

"పిట్టలు నాన్నా."

"ఎన్ని?"

"నూట పన్నెండు."

"అబద్ధం. నిన్న ఇన్ని లేవు."

"నిన్న మనం రాలేదు నాన్నా."

"నువ్వు రాలేదు. నేనొచ్చా."

అంతలో ఆయన చెయ్యి వదిలి నీళ్లవైపు నడిచాడు. ఆమె పరుగెత్తి ఆయన్ను మోకాలి లోతు బురదలోంచి వెనక్కి తెచ్చేసరికి పిట్టలన్నీ లేచి, కలిసిపోయి, మరోచోట వాలాయి. మళ్లీ మొదలుపెట్టే వీలు లేకపోయింది. ఆయన ఈసారి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

నాలుగింటికి మాస్టారు కాగితాల అట్టతో వచ్చారు.

"మూడో చెరువు ఎంతమ్మా?"

"ఎడమ ఒడ్డు నూట పన్నెండు. మిగతాది చూడలేదని రాయండి."

"పోయినేడాదికి దగ్గరగా ఒక అంకె వేసేద్దాం. నువ్వు చెబితే ఎవరూ కాదనరు."

"వద్దండీ. చూడలేదనే రాయండి."

ఆయన రాసుకున్నారు. ఆ తర్వాత తండ్రిని చూసి గొంతు తగ్గించారు. "మరి ఆ నాలుగు రోజులు? ఇంకో రెండ్రోజులు ఆగమంటే ఆగుతాను."

"ఆగకండి. మీరాగితే నేను ఆ రెండ్రోజులూ మా తమ్ముడికి ఫోన్లు చేస్తూ కూర్చుంటా. నా పేరు కొట్టేయండి."

ఒంటిచేత్తో ఆమె స్టాండు కాలు ఒకటి మడిచింది. మిగతా రెండూ మాస్టారు మడిచారు.

"ఆయనెవరు?" అని తండ్రి ఆమె చెవిలో అడిగాడు.

"లెక్కల మాస్టారు."

తండ్రి చప్పున ఆమె వెనక్కి చేరాడు. "నేను లెక్కలు చెయ్యలేదే!"

"నేనూ చెయ్యలేదులే నాన్నా. పద, ఇంటికి పోదాం."